ముగ్గురు కట్టిన బండి

బడిలో సైన్సు చెప్పే టీచరుకు ఒక అన్నయ్య, ఒక తమ్ముడు. అన్నయ్యది వెల్డింగ్ పని, తమ్ముడిది వడ్రంగం. తండ్రి వదిలిన షెడ్డుకు మధ్యలో ఇటుక గోడ కట్టుకుని చెరో పక్కన పని చేసుకుంటున్నారు. తండ్రి పోయి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఒకరినొకరు పలకరించుకున్న పాపాన పోలేదు.

ఆ సంవత్సరం చలన సూత్రాలను పిల్లల కళ్లెదుటే చూపించాలని టీచరు పట్టుబట్టింది. అందుకో బండి కావాలి: ఇనప చట్రం, దాని మీద చెక్క, కింద నాలుగు చక్రాలు, వెనక మంటలార్పే పెద్ద సిలిండరు. మీట నొక్కితే గ్యాసు వెనక్కి చిమ్ముతుంది, బండి ముందుకు దూసుకుపోతుంది. చట్రం అన్నయ్యకు పురమాయించింది, చెక్క తమ్ముడికి. ఒకరి సంగతి రెండోవాడి చెవిన వెయ్యలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరినీ షెడ్డు ముందుకు రప్పించింది.

గంటసేపు బాగానే సాగింది. చెరో వైపు మోకాళ్ల మీద కూర్చుని, మాట్లాడాల్సిందంతా ఆమెతోనే మాట్లాడారు. సిలిండరును బిగించారు. బండిని వీధి వైపు తిప్పి పెట్టారు. చివరి బోల్టు దగ్గర చట్రంలో రంధ్రం వేలెడు పక్కకు పోయింది.

"నాన్న ఉంటే ఈ పని చూసి ఊరుకునేవాడు కాదక్కా" అన్నాడు తమ్ముడు.

అన్నయ్య పానా కింద పెట్టాడు. "నాన్న ఊసు నువ్వెత్తకు. చివరి చూపుకే రానివాడివి."

"నువ్వు కబురు పంపావా?"

దానికి జవాబుగా తమ్ముడి చెంప పేలింది. తమ్ముడు తల వంచి నేరుగా అన్నయ్య ముక్కు మీద గుద్దాడు. ఇద్దరూ ఇనప ముక్కల మధ్య పడి దొర్లారు. అన్నయ్య వాడి చేతిని నేలకు అదిమి పానాతో వేళ్ల మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు టీచరుకు వినిపించింది. తమ్ముడు ఎడమ చేత్తో చెక్క సుత్తి అందుకుని అన్నయ్య కనుబొమ్మ మీద మోదాడు. చర్మం చీలి రక్తం కంట్లోకి కారింది. ఆ కంటితో ఏమీ కనపడక అన్నయ్య తడుముకుంటూ లేచాడు. చేతికి దొరికిన ఇనప కమ్మీ ఎత్తాడు.

ఆమె వెనకనుంచి అతని నడుం పట్టుకుని లాగింది. మోచెయ్యి వచ్చి ఆమె మూతికి తగిలింది. తూలి బండి మీద పడింది. బండి వెనకే కిందపడ్డ తమ్ముడి తల మీద కమ్మీ లేచి ఉంది. ఆమె సిలిండరు పిన్ను పీకి, మీట నొక్కేసింది.

తెల్లటి పొగ భుస్సుమంటూ అన్నయ్య మొహాన కొట్టింది. కమ్మీ జారి పక్కన పడింది. బండి ఆమెను మోసుకుని గేటు దాటింది, వీధి దాటింది, ఎదురింటి ప్రహరీని గుద్దుకుని ఆగింది. ఆమె ఆగలేదు. భుజం ముందుగా గోడకు కొట్టుకుంది.

ఆసుపత్రిలో అన్నయ్యకు ఏడు కుట్లు, తమ్ముడి రెండు వేళ్లకు కట్టు, ఆమెకు విరిగిన భుజం ఎముకకు పట్టీ పడ్డాయి. ఎవరు కొట్టారని నర్సు అడిగితే ముగ్గురూ బండి మీద నుంచి పడ్డామనే చెప్పారు. నర్సు నమ్మలేదు, రాసుకుని వెళ్లిపోయింది.

బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నా ఇద్దరికీ కోపం చల్లారలేదు. నాన్న చావు బతుకుల్లో ఉన్నాడన్న కబురు దాచినవాడు మనిషేనా అని తమ్ముడు గొణుగుతూనే ఉన్నాడు. అన్నయ్య మళ్లీ లేవబోయాడు.

"కబురు పంపమని అన్నయ్య నాకే చెప్పాడు" అంది ఆమె. "నేనే పంపలేదు."

తండ్రి పోయిన వారమే తమ్ముడు ఆయనతో తగువు పడి ఇల్లు వదిలి వెళ్లాడు. ఆ రాత్రి వస్తే తండ్రి మంచం దగ్గర మళ్లీ రభస అవుతుందని ఆమె భయపడింది. తెల్లారాక పిలుద్దామనుకుంది. తండ్రి తెల్లారేదాకా ఉండలేదు. ఆ తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదు. రోజులు గడిచిన కొద్దీ మరీ రాలేదు.

తమ్ముడు లేచి పక్కనున్న స్టీలు ట్రేను కాలితో తన్నాడు. కత్తెరలు నేలంతా చెదిరాయి. కట్టు కట్టిన చెయ్యే ఆమె మీదికి ఎత్తాడు. అన్నయ్య ఆ మణికట్టు పట్టుకుని ఆపాడు.

"కొట్టకు. దానికి ఎముక విరిగింది" అన్నాడు. ఆమె వైపు మాత్రం చూడలేదు. తమ్ముణ్ణి భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్లాడు. ఆమె ఒక్కతే రిక్షా మాట్లాడుకుని ఇంటికి చేరింది.

చట్రం సరిచేసి, బండిని బడి గేటు దగ్గర ఎవరో వదిలేసి వెళ్లారు. ఆమె తన బదులు ఇసక బస్తా ఎక్కించి పిల్లలకు చూపించింది. పిల్లలు మళ్లీ మళ్లీ అడిగారు. సిలిండరు ఖాళీ అయ్యేదాకా నడిపింది.

అన్నదమ్ములకు మాటలు కలిశాయి. ఆమెతో మానేశారు. నాలుగు నెలలకు ఒక సాయంత్రం తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. భుజం ఇంకా నొప్పిగా ఉందా అని అడిగాడు. చలికి లాగుతోందని చెప్పింది. వాడు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఆమె టీ పెట్టడానికి లేచింది.