హన్మమ్మ ఇల్లు

హన్మమ్మ మోచెయ్యి మడిచి పొయ్యి గట్టు పక్కన నిలబడింది. ఉవైస్ టేపు నేలకు ఆనించి మోచేతి దాకా కొలిచాడు. పోయినేటికంటే తగ్గిందన్నాడు, గోడకానుకుని చూస్తున్న సీనియర్ తిరుపతి. నడుము వంగితే గట్టూ వంగాల్సిందే మరి!

వనపర్తిలో ఆర్కిటెక్చర్ డిప్లొమా చదివే పిల్లలు కలిసి అద్దెకుండే ఇల్లది. కొత్తగా చేరినవాడు ముందుగా వంటమనిషి హన్మమ్మకు ఇల్లు గీయాలి, ఆమె ఒంటి కొలతలతో అట్ట ఇల్లు కట్టి చూపాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. పెద్దమందడిలో ఆమెకున్న జాగా కొలతలు 2002లో మొదటి బ్యాచ్ వాళ్లు గోడ మీద రాసిపోయారు. ఏటా ఒక ఇల్లు లేచేది, మెచ్చుకోళ్లయ్యాక అటకెక్కేది, ఎలుకలు గృహప్రవేశం చేసేవి.

ఆ జాగా ఎన్నడో పోయింది. మొగుడు దవాఖానలో ఉన్నప్పుడు మరిది ఆమెతో వేలిముద్ర వేయించుకుని అమ్మేశాడు. ఇప్పుడక్కడ పిండిగిర్ని నడుస్తోంది. మొగుడూ దక్కలేదు, మన్నూ దక్కలేదు. ఈ సంగతి పిల్లలకు చెప్పలేదామె. చెబితే ఇంకెవరు గీస్తారు? పెళ్లికి ఆమెను ఎవరూ అడగలేదు, వేలిముద్రకూ అడగలేదు. కిటికీ ఎటు పెట్టాలె పెద్దమ్మా అని ఏడాదికొక్కనాడు అడిగేది ఈ పిల్లలే. ఆ ఒక్కనాటి కోసం ఏడాదంతా పొగలో కళ్లు నలుపుకునేది.

ఉవైస్ అట్టతో ఆగే రకం కాదు. తెలకపల్లి మేస్త్రీ కొడుకు. అట్ట ఇల్లు పూర్తయిన పొద్దున, అంట్లు తోముతున్న ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు.

"ఎండకాలం సెలవులల్ల మా అబ్బా, నేను కడ్తం పెద్దమ్మా. రేపు జర జాగ చూపెట్టు."

ఇన్నేళ్లలో ఆ మాట అన్నవాడు లేడు. ఆమెకు సంతోషించాలో సిగ్గుతో చావాలో తెలియలేదు. అమాస పోనీ బిడ్డా అంది. వాడు వింటేనా, రేపు మొదటి బస్సుకే పోదామన్నాడు.

ఆ పూట పిల్లలకు జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. తను తినలేదు. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతోంది. ఉవైస్ తన అట్ట ఇంటిని పిండి డబ్బా మీద పెట్టి కాలేజీకి పోయాడు. వంగి లోపలికి చూసింది. పడుకునే చోటు కిటికీ పక్కనే పెట్టాడు, ఆమె అడిగినట్టే.

"అయ్యో నా కొడుకా, ఏడ కడ్తవురా" అని పైకే ఏడ్చింది.

సాయంత్రం పిల్లలు వచ్చేసరికి పొయ్యి రాజలేదు. హన్మమ్మ గోడకు చేరగిలబడి ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది.

ట్రాలీ ఆటోలో పెద్దమందడి తీసుకుపోయారు. బయట పోయిన పీనుగను వాకిట్లోకి రానివ్వనని మరిది గడపలోనే నిలబడ్డాడు.

"అట్లయితే పెద్దమ్మ జాగల్నే దించుతం. ఏడుంది?" అన్నాడు ఉవైస్.

"ఏం జాగ? ఎన్నడో అమ్మినం" అని మరిది పిండిగిర్ని వైపు గడ్డం చూపాడు.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఇన్ని బ్యాచ్‌లు గీశాయి, ఒక్కడూ వచ్చి ఆ జాగా చూసిన పాపాన పోలేదు. చివరికి హన్మమ్మను రోడ్డు పక్కన కంకర మీద దించారు.

ఆమెను కాటికి చేర్చి, తిరిగొచ్చి వంటింట్లో దీపం వేశారు. అట్ట ఇల్లు పిండి డబ్బా మీదే ఉంది. దాని గడపకు ఎప్పుడు పూసిందో, పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉంది. ఆ తడికి అట్ట ఉబ్బి, తలుపు మూతపడటం లేదు.