కూసునే దినం

పొద్దున చీపురు పట్టుకుంటే సుచరిత మళ్ళీ నడుం వాల్చేది రాత్రి గిన్నెలు బోర్లించాకే. ముందు కొట్టంలో పేడ ఎత్తాలి. రెండు బర్లకు గడ్డి వేసి, పాలు పిండి, క్యాను పాలకేంద్రానికి మోసుకుపోవాలి. తిరిగొచ్చి జొన్నరొట్టెలు చేసి, మొగుడు భీంరావుకు డబ్బా కట్టి, అత్త ముత్తవ్వకు వేడినీళ్ళు తోడి, ఇల్లు ఊడవాలి. ఆపైన బడికి పరుగు. అక్కడ పోసవ్వతో కలిసి పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. అన్నం గుండిగ దించేటప్పుడు ఆడవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊపిరి బిగబడతారు. బడి వదిలాక ఇల్లు చేరితే మళ్ళీ గడ్డి, మళ్ళీ పాలు, మళ్ళీ పొయ్యి.

ఇన్ని పనుల్లోనూ ఆమెకు కాస్త ఇష్టమైనది ఒక్కటే, ఇల్లు ఊడ్చాక రిమోట్ తీసి పెట్టడం. బాన్సువాడ నుంచి బిచ్కుందకు ఆటో నడిపే భీంరావు, టీవీ వెనక గుచ్చే స్టిక్కు ఒకటి కొని తెచ్చాడు. దాని రిమోట్ వేలెడంత సన్నగా, నల్లగా ఉంటుంది. రాత్రి చూసినంతసేపు చూసి దాన్ని ఎక్కడ పడితే అక్కడ పడేస్తాడు. ఒకనాడు మంచం కింద దొరుకుతుంది, ఒకనాడు దుప్పటి మడతల్లో, ఒకసారైతే బియ్యం డబ్బా మీద. సుచరిత దాన్ని వెతికి పట్టుకుని, కొంగుతో తుడిచి, టీవీ పక్కన గుడ్డ మీద పెడుతుంది. పెట్టేముందు కాసేపు చేతిలో పట్టుకుని ఊరికే నిలబడుతుంది. ఆ కాసేపట్లో మోకాళ్ళ సలుపు తగ్గి ఒళ్ళు తేలికైనట్టుంటుంది. ఊడ్చే పని అయిపోయిందన్న సంబరం కాబోలు అనుకుంటుంది.

బాన్సువాడలో ఈ స్టిక్కుల రిమోట్లకు సెల్లులు నిలవవు. అలిసిన మనిషి చేయి సెల్లును తాగేస్తుందని కాలువ కింది ఊళ్ళన్నిటికీ తెలిసిన సంగతే. పాత టీవీల రిమోట్లు మొద్దువి, ఎవరు పట్టుకున్నా వాటికొకటే. ఈ కొత్తవి అలా కాదు, చేయి పడగానే మనిషిని కనిపెడతాయి. నాట్లప్పుడూ కోతలప్పుడూ కోటగిరిలో గానీ బిచ్కుందలో గానీ సన్న సెల్లు ఒక్కటి దొరకదు. వానలు పడి కాలువ వదలగానే దుకాణాలవాళ్ళు ఎరువుల బస్తాలతో పాటే సెల్లుల పెట్టెలూ దింపుకుంటారు.

దీన్ని బట్టి ఒక ఆచారం కూడా ఏర్పడింది. మీట నొక్కితే రిమోట్ మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది కదా, అది ఎవరి చేతిలో ఆరిపోతే వాళ్ళకు మర్నాడు కూసునే దినం. ఆ రోజు వాళ్ళకు ఇంట్లో ఎవరూ పని చెప్పరు. చాయ్ చేతికొస్తుంది, తిన్న పళ్ళెం కూడా వాళ్ళు తీయరు. చచ్చిన సెల్లులు చూపిస్తే మిల్లు సేటు కూడా మారుమాట్లాడకుండా సెలవిస్తాడు.

ఒక సాయంత్రం భీంరావు మంచం మీద వాలి మీట నొక్కాడు. దీపం మినుకుమని ఆరిపోయింది.

"సచ్చింది!" అన్నాడు, లాటరీ తగిలినంత సంతోషంగా. "ఓ సుచరితా, చూసినవా? మల్ల నా చేతులనే సచ్చింది."

"మొన్ననే గద బావ ఏసింది?" అంది సుచరిత పొయ్యి దగ్గరినుంచి.

"ఏం జెయ్యాలె మరి? దినమంత ఆటో నడిపి నడిపి పానం గుంజుతున్నది. రేపు నాకు కూసునే దినం. జర వేడివేడిగ పప్పుచారు చెయ్యి."

ముత్తవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చచ్చిన సెల్లులను కొడుకు చేతిలోంచి తీసుకుని తన బిస్కెట్ల డబ్బాలో వేసుకుంది. పనికిరానిదేదైనా దాచుకోవడం ఆమెకు అలవాటు. డబ్బా దాదాపు నిండింది.

ఆ ఇంట్లో సుచరితకు ఒక్కసారి కూడా కూసునే దినం రాలేదు. రావాలంటే రిమోట్ పట్టుకుని టీవీ ముందు కూర్చోవాలి, మీట నొక్కాలి. అంత తీరిక ఆమెకెక్కడిది? ఆమె చేతిలో ఎన్నడూ దీపం ఆరలేదు కాబట్టి ఆమెకు అలసట లేదని ఇంట్లో అందరూ నమ్మారు. విచిత్రమేమిటంటే సుచరిత కూడా నమ్మింది. ఈమధ్య గుండిగ దగ్గర నిలబడే కునుకు తీస్తోంది. మొన్న గంజి వారుస్తూ తూలితే పోసవ్వ రెక్క పట్టి వెనక్కి లాగింది. అయినా అది అలసట ఎలా అవుతుంది? బద్ధకమై ఉంటుందని తనను తానే తిట్టుకుంది.

అన్నం తింటూ భీంరావు అసలు విషయం చెప్పాడు.

"బస్టాండు కాడి చిన్నవ్వకు మిర్చీల బండి మీద మనిషి కావాల్నంట. బడి అయినంక పొద్దుగూకేదాంక. మా సుచరిత వస్తదని చెప్పిన."

సుచరిత చేతిలో ముద్ద అలాగే ఆగింది. "మరి బర్లు? సాయంత్రం పాలు?"

"జర తొందరగ పిండు. నీకేంది, అలుపా సొలుపా? నా లెక్క రెండు దినాలకోసారి పడిపోతవా?"

అలిసిపోతున్నానని చెబితే సెల్లు ఏదీ అంటాడు. ముత్తవ్వ కోడలివైపు చూసి, మజ్జిగ తాగింది.

మర్నాడు బడి నుంచి వస్తూ సుచరిత మోతీరాం దుకాణానికి వెళ్ళింది. మోతీరాం సెల్లులను చిన్న బల్బుకు ఆనించి చూపించిగానీ ఇవ్వడు. బల్బు భగ్గుమని వెలిగింది.

"చూసినవా అక్కా? ఫుల్లు," అన్నాడు. "మీ ఇంట్ల అన్నకు అలుపు బాగనే ఉన్నట్టుంది."

"ఆటో నడుపుతడు గదన్నా."

"ఆటోనా?" మోతీరాం పేక కలిపినట్టు చేతులాడించి నవ్వాపుకున్నాడు. "రోజు మా దుకాణం ఎనక పత్తాలాడుతుండు. పత్తాలు కలుపుడు గూడ కష్టమే తియ్యి."

సుచరిత సెల్లులు గుప్పిట్లో పట్టుకుని ఇంటికి నడిచింది. దారిలో వాన తుంపర మొదలైంది. ఎందుకో ఆ నడకలో కాళ్ళు ఈడ్చుకుపోలేదు. ఇంటికొచ్చి రిమోట్‌లో వేసి భీంరావుకిస్తే దీపం గుడ్డిగా వెలిగింది.

"గా మోతీరాంగాడు డూప్లికేట్ మాల్ అమ్ముతుండు," అని తిట్టాడు భీంరావు. "దుకాణంల ఎలుగుతది, ఇంటికి రాంగనే డిమ్ము. సగం సచ్చినయి అంటగట్టిండు. సరే, చీర మార్చుకో. చిన్నవ్వ చూస్తుంటది."

కూసునే దినమైనా సరే, పెళ్ళాన్ని పనిలో పెట్టేందుకు మాత్రం ఆటో తీశాడు.

చిన్నవ్వ బండి దగ్గర అప్పటికే జనం ఉన్నారు. టార్పాలిన్ పట్టా కింద బల్లలు, మూలన ఒక టీవీ, అందులో క్రికెట్. పొయ్యి మీద నూనె మూకుడు సలసల కాగుతోంది. మోతీరాం కూడా దుకాణం కొడుకుకు అప్పగించి వచ్చి ఒక బల్ల మీద మిర్చీలు తింటున్నాడు. చిన్నవ్వ చేతులు తుడుచుకుని సుచరితను పైనుంచి కిందికి చూసింది. తర్వాత టీవీ స్టిక్కు రిమోట్ తీసి, కొత్త పొట్లం విప్పి సెల్లులు మార్చింది. ఆమెకదొక పట్టింపు. అలిసిన మనిషిని కాగే నూనె దగ్గర నిలబెట్టదు. ఎప్పుడో ఒక పిల్ల కునికిపాటుతో మూకుడు మీదకు ఒరిగిందట.

"గివన్ని మా సుచరితకెందుకు చిన్నవ్వా?" అన్నాడు భీంరావు గర్వంగా. "ఆమెకు అలుపంటనే తెల్వది. ఇంట్ల ఒక్కనాడు గూడ ఆమె చేతుల సెల్లు సావలే."

"మంచిదే బిడ్డా. గని నూనెకు నీ మాట తెల్వది గద. ఇగ పట్టు పిల్లా, మీట ఒత్తు."

సుచరిత రిమోట్ పట్టుకుని నొక్కింది. ఎర్ర దీపం వెలిగి, చూస్తుండగానే వాడి, ఆరిపోయింది.

"సెల్లులు మంచిగలేవు," అన్నాడు భీంరావు.

మోతీరాం చేతిలో మిర్చి పక్కన పెట్టాడు. "గవి నా దుకాణంలయే అన్నా. పొట్లం ఇప్పుడే విప్పింది, అందరం చూసినం." జేబులోంచి మరో పొట్లం తీసి చిన్నవ్వకిచ్చాడు. అవీ అలాగే పోయాయి. ఇంకో పొట్లం విప్పారు. క్రికెట్ చూసేవాళ్ళంతా ఇటు తిరిగారు. ఒక ఆటో ఆయన తన టార్చిలోంచి తీసిచ్చాడు, అవి పట్టవని తెలిసి దుకాణానికి పరుగెత్తాడు. వేసిన జత వేసినట్టు చస్తూనే ఉంది. ప్రతి జతకూ సుచరిత నడుం ఒక్క పిసరు నిటారవుతోంది, పాలిపోయిన ముఖానికి కాస్త రంగు వస్తోంది. ఆమెకు ఏడుపు కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ బద్ధకమని తిట్టుకున్నది బద్ధకం కాదు. తను సోమరి కాదు. అందరి ముందూ, ఎవరేమనుకుంటారన్న ధ్యాస లేకుండా, కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది.

"ఇంట్ల రిమోట్ నువ్వు వట్టుకుంటవా పిల్లా?" అని అడిగింది చిన్నవ్వ.

"లేదు చిన్నవ్వా. ఊడ్సినంక తీసి పెడ్త. గంతే. ఇగ సెల్లులు దుకాణంకెల్లి నేనే తెస్త."

చిన్నవ్వకు సంగతి అర్థమైంది. మిగిలిన ఆఖరి జత వేసి రిమోట్‌ను భీంరావు చేతిలో పెట్టింది. ఆయన నొక్కాడు. దీపం వెలిగింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వెలిగింది. క్రికెట్ పోయి పాటలొచ్చాయి, పాటలు పోయి మరాఠీ వార్తలొచ్చాయి, వార్తలు పోయి మళ్ళీ క్రికెట్ వచ్చింది. ఎప్పటికైనా ఆరకపోతుందా అని ఆయన చెమటలు కక్కుతూ నొక్కుతూనే ఉన్నాడు. ఆ దీపం మాత్రం నిండుగా, నిక్షేపంగా వెలుగుతూనే ఉంది.

"ఇగ సాలు తియ్యన్నా, మ్యాచ్ చూడనియ్యి," అన్నారెవరో వెనకనుంచి.

"ఎవ్వల చేతుల సచ్చిందో చూస్తిరి గని, ఎవ్వలు తాగిండ్రో చూడకపోతిరి," అంది చిన్నవ్వ రిమోట్ లాక్కుంటూ. "ఈ పిల్లను నేను పనిల వెట్టుకోను. తోల్కపో. ఇంట్ల కూసోవెట్టు."

ఇద్దరూ ఆటోలో ఇంటిదారి పట్టారు. భీంరావుకు కోపం తెచ్చుకుందామని ఉంది, ఎవరి మీద తెచ్చుకోవాలో తోచలేదు. అద్దంలో వెనక సీటు కనిపిస్తోంది. సుచరిత తల కమ్మీకి ఆనించి నిద్రపోతోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె పగటిపూట నిద్రపోవడం ఆయన చూడలేదు. గుంతలొచ్చిన చోట ఆటో నిదానం చేశాడు.

జరిగినదంతా ముత్తవ్వ విన్నది. తర్వాత లేచి బిస్కెట్ల డబ్బా తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. డబ్బా బరువుకు సుచరిత తొడ నొక్కుకుపోయింది.

"గివన్ని నీయే బిడ్డా. నీ కూసునే దినాలు."

సుచరిత మూత తీసి చూసింది. లెక్కపెట్టే ఓపిక లేదు. "గిన్ని దినాలు కూసొని ఏం జెయ్యాలె అత్తా?"

"నాకేం తెల్సు?" అంది ముత్తవ్వ. "నేనెప్పుడన్న కూసున్ననా? మా కాలంల గీ సెల్లులే లేకపాయె."

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ సుచరితకు మెలకువ వచ్చేసింది. లేవబోతే ముత్తవ్వ భుజం మీద చేయి వేసి మళ్ళీ పడుకోబెట్టింది. కొట్టంలో భీంరావు బర్రెను బతిమాలుతున్నాడు. చెంబు దొర్లిన చప్పుడు, బర్రె తన్నిన చప్పుడు, ఆయన తిట్టు వరసగా వినిపించాయి. ఆ తర్వాత వాకిట్లో చీపురు చప్పుడు మొదలైంది. సుచరిత కళ్ళు మూసుకుని విన్నది. తన వాకిట్లో చీపురు చప్పుడు ఆమె పడుకుని వినడం అదే మొదలు. మధ్యలో ఆగుతోంది, ఒకే చోట రెండుసార్లు ఊడుస్తోంది, మూలలు వదిలేస్తోంది. అయినా వినడానికి ఎంతో బాగుంది.

వాకిలి అయ్యాక భీంరావు ఇల్లు ఊడవడానికి లోపలికొచ్చాడు. మోకాళ్ళ మీద వంగి మంచం కిందినుంచి రిమోట్ లాగాడు. దాన్ని లుంగీకి తుడిచి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఊడ్చాక బడికి పోయి పోసవ్వతో గుండిగ దించాలని అమ్మ అప్పుడే చెప్పేసింది. మీట నొక్కి చూసే ధైర్యం ఆయనకు రాలేదు.

"సుచరితా," అన్నాడు మెల్లగా. "గిది రోజు ఏడ వెడ్తవే?"

"ఇటు తే," అంటూ సుచరిత అలవాటుగా చేయి చాచింది. చాచిన చేయి సగంలో ఆగింది. దాన్ని వెనక్కి తీసుకుని దుప్పట్లో పెట్టుకుంది.

"నువ్వే ఏడనన్న వెట్టు బావ," అంది. "నేను అలిసిపోయిన."