ముప్పై ఐదో నెల

లాండ్రీ యజమాని కాగితం చేతిలో పెట్టి "రేపటి నుంచి రావద్దు" అన్నప్పుడు ఇస్త్రీ అక్క ఇంకా వేడి పెట్టె కింద పెట్టనేలేదు. తప్పేమిటని అడిగితే వాడు గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. అది ఆవిడ పొదుపులో ముప్పై ఐదో నెల.

చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ లెక్క మీకు తెలియాలి. పేదల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకం అది. జీతంలోంచి మనం ఒక వంతు దాస్తే సర్కారు రెండు వంతులు కలుపుతుంది. కానీ ముప్పై ఆరు నెలలు ఒకే చోట పని చేయాలి, నెలనెలా యజమాని సంతకం పడాలి. ఒక్క నెల తప్పినా మన డబ్బు మన చేతిలో పెట్టి పొమ్మంటారు. ఆ సొమ్ముతో సొంత వాషింగ్ మెషీను కొనాలని ఇస్త్రీ అక్క తన ముందుగది గోడ కూడా కొలుచుకుంది.

మా పాస్‌బుక్కులన్నీ యజమాని సొరుగులోనే ఉండేవి. సంతకం కోసం మాటిమాటికీ తిరగలేక మేమే తీసుకెళ్లి ఇచ్చాం, భద్రంగా ఉంటాయని! ఎవరికి ఎన్నో నెల నడుస్తోందో వాడికి తెలిసేది అలాగే. అంతకుముందు మరకలు తీసే పిన్నినీ, బండి తోసే మామనీ కూడా ముప్పై ఐదో నెలలోనే తీసేశాడు. మూడు వారాలాగి మళ్లీ పిలిచాడు, కొత్త కూలీలుగా, తక్కువ జీతానికి. మాకు సొంత మెషీన్లు వస్తే వాడికి గొడ్డుచాకిరీ ఎవరు చేస్తారు?

మధ్యాహ్నం కుళాయి దగ్గర చేరాం.

"పని ఆపేద్దాం," అన్నాను.

"నువ్వు చేరి నాలుగు నెలలు. నీకేం పోతుంది?" అన్నాడు బాయిలర్ బాబాయ్. "నాకింకా ఐదే ఉన్నాయి. నోరు మూసుకుంటే గట్టెక్కుతాను."

"నేనూ మూసుకున్నా కదయ్యా," అంది పిన్ని. "ఏం ఒరిగింది? నీ కాగితం కూడా వాడు రాసే ఉంచుంటాడు."

బాబాయ్ తల దించుకుని బాయిలర్ గదిలోకి వెళ్లిపోయాడు.

హోటల్ దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టి లాగి, ఎదురెదురుగా నడిచి, కొస అందించుకోవాలి. సాయంత్రం ఉతికిన బట్టల కోసం మూడు హోటళ్ల బళ్లు వాకిట్లోకి వచ్చేసరికి మేం నలభై మందిమి తలా ఒక దుప్పటి కొస పట్టుకుని నిలబడ్డాం. రెండో కొస ఎవరూ అందుకోలేదు. యజమాని అరిచాడు, బతిమాలాడు. చివరికి మేనేజర్ని పిలిచి తనే ఒక దుప్పటి పట్టాడు. ఇద్దరూ చెరో పక్కకి తిప్పి మెలిపెట్టేశారు.

"ఉరి పేనుకుంటున్నారా అయ్యగారూ?" అంది పిన్ని.

అందరం పగలబడి నవ్వాం. వాడి ముఖం మాడిపోయింది. అబద్ధమెందుకు, నాకు కడుపు నిండింది.

గంటలో దిగొచ్చాడు. పాస్‌బుక్కు ఇస్త్రీ అక్క ముందు పెట్టాడు. "సంతకం పెట్టాను. రేపు పనిలోకి రా."

"మరి వీళ్లిద్దరి సంగతి?" పిన్నినీ మామనీ చూపించింది అక్క.

"వాళ్ల గడువు దాటిపోయింది."

"దాటించింది నువ్వు. కావాలనే తీసేశానని పొదుపు ఆఫీసుకి రాసివ్వు. ముగ్గురి డబ్బూ రావాలి."

"అలా రాస్తే నేను జైలుకి పోతాను!"

"పో. నాకు కావలసిందీ అదే."

వాడు ఫోన్ తీశాడు. కాసేపటికే పోలీసు వ్యాను వచ్చింది.

"పుస్తకం తీసుకుని పనిలోకి పోతావా, వ్యాను ఎక్కుతావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అక్క పుస్తకం అందుకుని ఒక్కో పేజీ తిప్పి చూసింది. మూడేళ్లు కడుపు కట్టుకుని దాచిన మనిషి. ఆ పుస్తకాన్ని యజమాని జేబులో కుక్కి, వెళ్లి వ్యాను ఎక్కింది.

అప్పుడే బాయిలర్ హోరు ఆగిపోయింది. బాబాయ్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"మంట ఆర్పేశాను," అన్నాడు యజమానితో. "దాన్ని వెలిగించడం ఇక్కడ నాకు తప్ప ఎవడికీ రాదు." తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "సారూ, కాస్త తప్పుకోండి. నేనూ ఎక్కాలి."

ఆయన వెనక పిన్ని, పిన్ని వెనక మామ, ఆ వెనక నేను. మేం నలభై మందిమి. వాళ్లు తెచ్చింది మాత్రం ఒక్కటే వ్యాను.