పని లేని చిటికెన వేలు

శనివారం సాయంత్రం, కచేరీకి మూడు గంటల ముందు, పియానో వాయించే ఆమె రిహార్సల్ ఆపేసింది. ఆమె వాయించాల్సిన ఆరు రచనలూ మేనమామ పేరు మీద అచ్చయినవే. ఆయన ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు.

"మామయ్యా, వీటిలో ఎక్కడా ఎడమ చిటికెన వేలికి పని లేదేం?"

"నీకు పని తగ్గిందిగా, సంతోషించక!"

ఆమె నవ్వలేదు. చిన్నప్పుడు వంటగది పక్క గదిలో పెద్దమ్మ, అంటే మామయ్య అక్క, పియానో వాయిస్తుంటే తనూ అదే బల్ల మీద ఒదిగి కూర్చునేది. పెద్దమ్మ ఎడమ చిటికెన వేలు ఎప్పుడో తలుపు సందున పడి నలిగి, వంగకుండా పోయింది. మిగతా వేళ్లు మీటల మీద పరుగులు తీస్తుంటే అదొక్కటే నిక్కి నిలబడేది. "ఇది అలిగిన అల్లుడే, పని చెప్పకూడదు" అని పెద్దమ్మ నవ్వేది. పాలు పొంగితే పాట మధ్యలో లేచేది. తిరిగొచ్చి అదే స్వరం దగ్గర అందుకునేది.

"నీ వేళ్లన్నీ బాగానే ఉన్నాయిగా మామయ్యా."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఆడదాని పేరైతే అచ్చు వేసేది లేదన్నారే. నా పేరు పెట్టమని అక్కే అంది. తర్వాత చెబుదాం, తర్వాత చెబుదాం అనుకుంటూనే ఉన్నా, అక్క పోయింది."

"ఇప్పుడైనా చెప్పు. లేకపోతే నేను వాయించను."

ఆయన కర్ర ఆనించుకుని లేచి, తెర పక్కనున్న అనౌన్సర్ దగ్గరికి వెళ్లాడు.

ఏడింటికి అనౌన్సర్ మైకు ముందుకొచ్చి, ఆరు రచనలకూ పెద్దమ్మ పేరే చదివింది.