షటిల్ కనబడే టీవీ

ఇండోనేషియాలోని కుడుస్ పట్నంలో ఆ సందు సందంతా ఆదివారం కోసం ఎదురుచూస్తోంది. టెంపే అనే సోయాగింజల బిళ్లలు వేయించి అమ్మే పార్తినా కూతురు వెనింగ్, బ్యాంకాక్‌లో బ్యాడ్మింటన్ ఫైనల్ ఆడబోతోంది.

కూతురు పరాయి దేశంలో ఆడిన ఆటను పార్తినా ఇంతవరకూ సరిగ్గా చూసింది లేదు. మొగుడి ఫోన్లో బొమ్మ అగ్గిపెట్టంత. అందులో షటిల్ ఆనేది కాదు. అందుకని ఆవిడ ఫోన్ వదిలేసి మొగుడి మొహం చూస్తూ కూర్చునేది. ఈసారి అలా కుదరదని పట్టుబట్టి అతన్ని టీవీల దుకాణానికి లాక్కొచ్చింది.

ఆ మొగుడు జుమాది అప్పటికే టీకొట్టు దగ్గర గొప్పలు పోయాడు. "గోడంత బొమ్మ వేసి చూపిస్తా, అందరూ రండి!"

దుకాణం కుర్రాడు తెగూ వాళ్లని చీకటి గదిలోకి తీసుకెళ్లి ప్రొజెక్టర్ వేశాడు. గోడ నిండిపోయింది.

"ఇదే! టీవీ ధరలో సగం కూడా లేదు, చూశావా బుక్నే?" అన్నాడు జుమాది. అక్కడ పెళ్లాన్ని బుక్నే అనీ, మొగుణ్ణి పక్నే అనీ పిలుస్తారు.

"ఆట ఎప్పుడు?"

"మధ్యాహ్నం."

"మధ్యాహ్నం మన అరుగు మీదికి ఈ చీకటి ఎక్కణ్ణించి తెస్తావు పక్నే?" అంటూ ఆవిడ పరదా లాగేసింది. నీళ్లు పోసి కడిగినట్టు గోడ మీద బొమ్మ వెలిసిపోయింది.

"నిజమే ఇబూ," అని అమ్మను పిలిచినట్టు మర్యాదగా ఒప్పుకున్నాడు తెగూ. "వెలుతురుకి తట్టుకునేవీ ఉన్నాయి గానీ, మీరు చెప్పిన డబ్బుకి రావు."

"సందంతా చెప్పేశాను. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోను?" అని గొణిగాడు జుమాది.

"మెడ మీదే ఉంచు, ఎవరూ ఎత్తుకుపోరు."

టీవీల వరసలో అన్నిటికన్నా పెద్దదాని ధర కూడా అందుబాటులోనే ఉంది. పార్తినా బ్యాడ్మింటన్ పెట్టమంది. స్మాష్ కొట్టగానే షటిల్ తెల్లటి చారలా సాగి మాయమైపోయింది.

"పిల్లలు ఉత్తి గాలిని బాదుకుంటున్నట్టుంది నాయనా. ఇంకోటి చూపించు."

పక్కనున్నది చిన్నది. అందులో షటిల్ ఈకలతో సహా కనబడింది.

"దీంట్లో ఇంటర్నెట్ లేదు, అందుకే చవక," అన్నాడు తెగూ. "వెనకాల ఈ వేలెడంత స్టిక్ గుచ్చి వైఫై కలిపితే ఆట వచ్చేస్తుంది."

"కట్టివ్వు," అంది పార్తినా.

ఆదివారం జనం చాపలు పట్టుకుని వచ్చారు. ఎదురింటి సంసీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "గోడంత అన్నావు, కిటికీ అంతైనా లేదేం జుమాదీ?"

జనం గొల్లుమన్నారు. జుమాది చెవులు ఎర్రబడ్డాయి.

"దగ్గరికి జరుగు సంసీ, నీ నోటికన్నా పెద్దదే!" అని పార్తినా అందరి మధ్యా చతికిలబడింది.

చెరో గేమూ గెలిచారు. మూడో గేమ్ చివరికొచ్చింది. ఒక్క పాయింటు వస్తే వెనింగ్‌దే కప్పు. ఆ పిల్ల షటిల్‌ని ఎత్తుగా వెనక మూలకి లేపింది. అవతలి అమ్మాయి వదిలేసింది. గీత దగ్గరున్న మనిషి రెండు చేతులూ చాచి ఔటన్నాడు.

"కాదు! గీత మీదే పడింది! నా కళ్లతో చూశాను!" పార్తినా లేచి అరిచింది.

"నేనూ చూశాను!" అన్నాడు సంసీ. చాపల మీద ఒక్కరూ కూర్చుని లేరు.

అక్కడ వెనింగ్ కూడా చెయ్యెత్తి మళ్లీ చూడమంది. తెర మీద షటిల్ నెమ్మదిగా దిగి, దిగి, తెల్లగీతను తాకింది. లోపలే!

సందు హోరెత్తిపోయింది. ఎవరో కంచం తీసుకుని వాయించేశారు. సంసీ జుమాదిని అమాంతం భుజాల మీదికి ఎత్తుకున్నాడు. పైన కూర్చుని ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

పార్తినా తెర ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కూతురు కోర్టులో వెల్లకిలా పడి నవ్వుతోంది. చెమటకి నుదుటికంటిన జుట్టు, ఎగిసిపడే రొమ్ము, అన్నీ కనబడుతున్నాయి.

"గెలిచావే తల్లీ!" అని తెరకి చెప్పి, లేచి కొంగు బిగించి, మిట్టమధ్యాహ్నపు ఎండలో సందు నడిమధ్యకి వెళ్లి నాట్యం చేసింది పార్తినా.