ముగ్గు మీద నల్లచుక్క

పెంచలమ్మకు ఒళ్లు మండిపోయింది. వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, నడుము నొప్పి పుట్టేలా వంగి వేసిన పద్మం ముగ్గు మధ్యలో మళ్లీ నల్లటి నూనె చుక్కలు. చద్దన్నం తినడానికి ఇంటికొచ్చిన మొగుడు కారును ముగ్గు మీదే నిలిపాడు. ఆ సందులో నిలపడానికి మరో చోటు లేదు. ఆయన చేయి కడుక్కునేలోగా కారు తన పని తాను చేసేసింది.

వెంకటాచలంలో బాడుగకు తిరిగే కారు ఆమె మొగుడు పద్మనాభయ్యది ఒక్కటే. చైనా యుద్ధం జరిగిన ఏడాది మద్రాసులో ఎవరో వాడి వదిలేసినదాన్ని కొనుక్కొచ్చాడు. నెల్లూరు ఆసుపత్రికి పోవాల్సిన కాన్పు మనిషైనా, కృష్ణపట్నం పోయే ఉప్పు షావుకారైనా అదే ఎక్కాలి. అందుకని ఊళ్లో దానికి ఎక్కడలేని మర్యాద. ఆ మర్యాదంతా పెంచలమ్మ వాకిట్లో చుక్కలు చుక్కలుగా కారుతోంది.

ఆమె కేకలు పడలేక పద్మనాభయ్య రోడ్డు మీది షెడ్డు నుంచి మెకానిక్ హజరత్తయ్యను పిలుచుకొచ్చాడు. ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిని వాళ్లు చాంబరు అంటారు. హజరత్తయ్య ఇప్పటికే దాన్ని మూడుసార్లు దించాడు. ప్రతిసారీ నూనె కారకుండా అతుకు మధ్య పెట్టే ప్యాకింగును కార్కు షీటుతో కొత్తగా కోసి, లక్క రాసి, బోల్టులు మూలిగేదాకా బిగించాడు. ఎంత బిగిస్తే అంత కారింది. ఇప్పుడు మళ్లీ కారు కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు దులుపుకున్నాడు.

"ప్యాకింగు బాగానే ఉండాదక్కా. పాత బండి గదా, చెమరస్తా ఉంటది. అయినా నువ్వా ముగ్గు ఎయ్యకపోతే ఈ చుక్క ఎవురికి కనపడతది?"

పద్మనాభయ్య పకపకా నవ్వాడు. "అదీ నిజమేమే! నాలుగు నాళ్లు ముగ్గు మానుకోరాదా?"

కారుతున్నది కారు, తప్పేమో ముగ్గుది! పెంచలమ్మ కొంగు బిగించింది.

"మానుకుంటే ఇంట్లో ఎవురు పోయినారని వీధంతా వచ్చి అడగతది. ఏం చెప్పమంటావయ్యా? మా ఆయనకు బుద్ధి పోయిందని చెప్పేదా?"

ఆమెకు పోయిన వానాకాలం గుర్తొచ్చింది. కప్పు కారి నీళ్లు సరిగ్గా పొయ్యి మీద పడుతుంటే ఈ మహానుభావుడు పొయ్యి పైనున్న పెంకులే తిప్పి తిప్పి వేశాడు. పగిలిన పెంకు ఎక్కడో పైన కప్పు వెన్ను దగ్గరుంది. నీళ్లు అక్కడ దిగి, వాసం వెంబడి జారి, ఇక్కడ పడుతున్నాయి. ఆ సంగతి కనిపెట్టిందీ తనే.

చరచరా లోపలికి పోయి కిరసనాయిలు సీసా, ముగ్గు డబ్బా తెచ్చింది. "ఇంజనంతా పైనుంచి కిందిదాకా తుడువు" అని సీసా హజరత్తయ్య చేతిలో పెట్టింది. అతను తుడిచాడు. తడి ఆరగానే పిడికిళ్లతో ముగ్గుపిండి తీసి ఇంజను పక్కల మీదా, చాంబరు అంచు మీదా చల్లింది.

"ఓసి నీ అఘాయిత్యం! నా ఇంజను!" పద్మనాభయ్య గుండెలు బాదుకున్నాడు.

"ఇంజను నీది, వాకిలి నాది. స్టార్టు చెయ్యి."

ఇంజను గడగడలాడింది. కాసేపు అంతా తెల్లగానే ఉంది. తరవాత ఇంజను పక్కనున్న రేకు మూత మూల నుంచి సన్నటి నల్లగీత ఒకటి దిగింది. మెల్లగా చాంబరు అంచు దాకా వచ్చి, దాని వెంబడి జారి, ముగ్గు నడిమధ్యన టప్పున రాలింది. గీత పోయిన దారి తప్ప చాంబరు అంచంతా తెల్లగానే ఉంది.

హజరత్తయ్య ఆ మూత విప్పాడు. లోపలి ప్యాకింగు ఎండిన మామిడి తాండ్రలా చిట్లిపోయి ఉంది. కొత్తది కోసి వేశాడు. చాంబరును కూడా దించి, ఇన్నాళ్లూ బిగించి బిగించి వంకర చేసిన దాని అంచును సుత్తితో తట్టి సాపు చేసి, ఈసారి అవసరమైనంత మేరకే బిగించాడు. సాయంత్రానికి కారు కింద పరిచిన పాత గుడ్డ పొడిగానే ఉంది.

అక్కడితో ఆమె కోపం చల్లారేదే. కానీ దీపాలు పెట్టే వేళ అరుగు మీద మొగుడు, మూలింటి వెంకయ్యతో చెబుతున్న మాట చెవిన పడింది. "నేనూ హజరత్తయ్యా కలిసి పట్టేసినాంలే! లీకు పైన ఉండాది, మేం కింద వెతకతా ఉండాం."

పట్టేసినాం! పెంచలమ్మకు పొద్దుటి మంటంతా ఒక లెక్క, ఇది ఒక లెక్క అనిపించింది. పళ్లు కొరుక్కుంటూ లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చింది, కల్లాపి చల్లింది, లోపలికొచ్చి గడప పక్కన కూర్చుంది. పద్మనాభయ్య బయటికొచ్చి కారు తుడుచుకుంటున్నాడు. పాలచెంబుతో పోతున్న ఎదురింటి చెంచమ్మ బోసి వాకిలి చూసి గతుక్కుమంది.

"ఏందన్నా, ముగ్గు లేదే? ఎవురన్నా పోయినారా?"

వెనకే ఇంకో ఇద్దరు ఆగారు. పద్మనాభయ్య గడప వైపు చూశాడు. పెంచలమ్మ కళ్లు ఆయన మీదే ఉన్నాయి.

"ఎవురూ పోలేదు చెంచమ్మా" అని గొణిగాడు. "నిన్న ముగ్గుపిండి ఇంజనుకు చల్లి లీకు కనిపెట్టింది మా పెంచలమ్మ. మాకెవురికీ తెలవలా. పిండంతా దానికే అయిపోయినట్టుంది."

పెంచలమ్మ లేచి ముగ్గు డబ్బాతో బయటికొచ్చింది. డబ్బా నిండుగా ఉంది.

"కొంచెం గట్టిగా చెప్పయ్యా" అంది, వంగి మొదటి చుక్క పెడుతూ. "మూలింటి వెంకయ్యకు వినపడినట్టు లేదు."