కంప్యూటర్లో ఇరుక్కోని ధాన్యం

దగ్గరకి రండర్రా, ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టి ఇలా కూర్చోండి. రామచంద్రపురం రైస్ మిల్లులో ధాన్యం ఇరుక్కుపోవడం, అదే ధాన్యం కాకినాడ ఆఫీసు కంప్యూటర్లో ఎంతకీ ఇరుక్కోకపోవడం, దాంతో మన సత్యశ్రీ పడ్డ అవస్థ వినాలి మీరు.

సత్యశ్రీ అంటే సంపూర్ణమ్మ కూతురు. కాకినాడలో యంత్రాలకు నమూనాలు తయారుచేసే ఆఫీసులో ఉద్యోగం. మిల్లేమో సంపూర్ణమ్మ ఇంటి వెనక వీధిలోనే. అక్కడ మేడంత ఎత్తున రేకు డబ్బా ఒకటి ఉంటుంది. పైనుంచి ధాన్యం పోస్తే కింద గరాటు మూతిలోంచి మిషన్లోకి జారాలి. కోత మిషన్లు వచ్చాక సార్వా, అదే వానాకాలప్పంట ధాన్యం పచ్చి ఆరకుండానే మిల్లుకు చేరుతోందాయె, మూతి దగ్గర గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని కమాను కట్టేస్తాయి. అప్పుడు మిల్లులో పనిచేసే వెంకన్న వెదురు గెడ పుచ్చుకుని లోపలికి దిగి పొడవాలి. కిందటి సార్వాలో అలా పొడుస్తుంటే కమాను ఒక్కసారిగా విరిగి, మనిషి గుండెల దాకా ధాన్యంలో కూరుకుపోయాడు. తాళ్ళేసి లాగారు గనక బతికాడు. చిన్నప్పుడు సత్యశ్రీని సైకిలు మీద బడికి దింపిన మనిషి ఆయన. గెడ అక్కర్లేని డబ్బా కావాలని మిల్లువాళ్ళు ఆఫీసుకు పని అప్పగిస్తే, అది తనకే ఇమ్మని సత్యశ్రీ అడిగి మరీ తీసుకుంది.

పనేమిటంటే కంప్యూటర్లో ధాన్యం పోయడం. నవ్వకండి. ప్రతి గింజనూ ఓ చిన్న బంతిగా చేసి, ఏది దేన్ని నొక్కుతోంది, ఏది దేనికి రాచుకుంటోంది అని ఆ యంత్రం రెప్పపాటులో ఎన్నోసార్లు చూసి లెక్క కడుతుంది. ముందు పాత డబ్బాను గీసి అందులో పోయాలి. మిల్లులో ఇరుక్కున్నట్టు అక్కడా ఇరుక్కుంటే లెక్క నిజమన్నమాట. ఆ తర్వాతే కొత్త మూతి సంగతి.

పోసింది. పోసీ పోయకముందే గింజలు పేలాల్లా ఎగిరి డబ్బా గోడల్లోంచి కూడా బయటికి పోయాయి. మొదట్లో గింజలు ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయేమోనని చూసింది. లేవు. అప్పుడు కంప్యూటరు చూపుకీ చూపుకీ మధ్య ఎడం తగ్గించింది. ఎడం ఎక్కువైతే ఈలోపల గింజ పక్కదాంట్లోకి దూరిపోతుంది, మళ్ళీ చూసేసరికి రెండింటినీ బలంగా విడదొయ్యాలి, అదీ పేలడం. తగ్గించాక గింజలు బుద్ధిగా కూర్చున్నాయి. లెక్క మాత్రం నత్తనడక అయింది.

అక్కడికి ఒక పీడ వదిలింది. మూతి తెరిస్తే రెండోది వచ్చింది. ధాన్యం కాలవ నీళ్ళలా జారిపోయింది, గింజ ఆగలేదు. బంతి గుండ్రం కాబట్టి దొర్లిపోతోందనుకుని, మూడేసి బంతులు అంటించి వడ్లగింజలా పొడుగ్గా చేసింది. జారింది. డబ్బా రేకు నున్నదనం సరిచూసింది. అయినా జారింది. ఏది మార్చినా ఒక్కటే మార్చేది. పులుసులో ఉప్పూ బెల్లమూ ఒకేసారి వేస్తే ఏది ఎక్కువైందో ఎలా తెలుస్తుంది?

ఆమె పైఅధికారి మణిశంకర్ మంచివాడే. కానీ రేకు కోసే గణేష్‌బాబు, సార్వా కోతలు దగ్గర పడుతున్నాయి మూతి కొలత చెప్పండి అని ఆయన ప్రాణం తీస్తున్నాడు.

"గింజల రాపిడి పెంచేయండి సత్యశ్రీ గారూ. అదే ఇరుక్కుంటుంది," అన్నాడాయన.

"పెంచితే ఇరుక్కుంటుంది సార్. ఎందుకు ఇరుక్కుందో మనకి తెలీదు. రేపు మూతి ఎంత కోయాలో ఆ అబద్ధాన్నే అడగాలి. దాని మాట నమ్మి మా వెంకన్న బాబాయ్ కింద నిలబడాలి."

మణిశంకర్ ఆ మాట ఒప్పుకున్నాడు. గణేష్‌బాబుకి తను సర్దిచెప్పుకుంటానన్నాడు.

సత్యశ్రీ మళ్ళీ మొదటికొచ్చింది. మిల్లు నుంచి తెప్పించుకున్న సంచిలో వడ్లు తీసి, అడుగు లేని డబ్బాలో పోసి మెల్లగా పైకెత్తింది. కుప్ప కూర్చుంది. కంప్యూటర్లోనూ అలాగే చేస్తే ఆ కుప్ప వాలూ ఈ కుప్ప వాలూ ఒక్కటే. లెక్కలో తప్పు లేదు. మరి మిల్లులో ఎందుకు ఇరుక్కుంటోంది?

బస్సెక్కి రామచంద్రపురం వెళ్ళి నేరుగా మిల్లుకే పోయింది. వెంకన్న డబ్బాలోంచి తీసిచ్చిన ధాన్యాన్ని అక్కడే అలాగే పోసి చూసింది. ఈ కుప్ప జారదే! నిటారుగా, తడి ఇసకలా నిలబడింది. నిండా తాలు గింజలు, గడ్డిముక్కలు, వానలకి పట్టిన చెమ్మ అరచేతికి. సంచిలో పోసి ఇచ్చిందీ ఇదేనమ్మా, కాకినాడ బస్సుకి వెయ్యమని మీ అమ్మగారి చేతికే ఇచ్చాను అన్నాడాయన.

సంపూర్ణమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అమ్మా, బాబాయ్ ఇచ్చిన సంచి ఏం చేశావు?"

"ఏం చేస్తానే, బస్సెక్కించాను."

"అలాగే ఎక్కించావా?"

"అలాగే ఎలా పంపుతానే? సగం తాలు, సగం గడ్డి. ఆఫీసులో అంతమంది చూసేదాయె. ఈవిడకి చేట పట్టడం కూడా రాదా అనుకోరూ? మంచి ఎండలో పోసి, శుభ్రంగా చెరిగి మరీ పంపాను. ఏం, ఇంకా మట్టిబెడ్డలున్నాయా?"

సత్యశ్రీ మెట్టు మీద కూలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. గుమ్మం దాటే గింజ చెరిగే దాటాలనేది ఆ ఇంటి ఆచారం. తనూ ఆ ఇంటి పిల్లే కదా, అడగకపోవడం తన తప్పే. సంపూర్ణమ్మకు మాత్రం సంగతి తెలిశాక మొహం చిన్నబోయింది.

ఈసారి చెమ్మ పోకుండా మూత బిగించిన డబ్బాలో ధాన్యం తనే పట్టుకెళ్ళింది. తడికి అంటుకునే గుణం, తాలు, గడ్డి అన్నీ కొలిచి, ఒక్కొక్కటే లెక్కలో పెట్టింది. మూతి తెరిస్తే నాలుగు గింజలు రాలాయి, ఆగిపోయాయి. మిల్లులో కట్టినట్టే కమాను కట్టింది. ఇరుక్కుపోయినందుకు సంబరపడిన మనిషి ఆ పిల్లొక్కతే! మణిశంకర్ స్వీట్లు తెప్పించాడు. తర్వాత మూతి వెడల్పు చేస్తూ, గోడ వాలు పెంచుతూ, కమాను ఇక నిలవని చోటు చూసుకుని గణేష్‌బాబుకు కొలత చెప్పింది.

సార్వా ధాన్యం వచ్చింది. కొత్త డబ్బాలో పోశారు. వెంకన్న అలవాటుకొద్దీ గెడ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు, సత్యశ్రీ ఆయన పక్కన. ధాన్యం దిగుతూనే ఉంది. అడుగు కనిపించేదాకా దిగింది. ఆయన గెడ గోడకి ఆనించి టీ తాగడానికి పోయాడు. ఆ గెడతో ఇప్పుడు సంపూర్ణమ్మ మునక్కాయలు కోసుకుంటోంది.

ఇదర్రా సంగతి. గుర్తుపెట్టుకుని మీ పిల్లలకీ చెప్పండి. చెప్పేటప్పుడు సంపూర్ణమ్మను తీసేసి, ఆ పిల్ల పొరపాటు దాచేసి, నున్నగా చేసి చెప్పకండి. తాలూ గడ్డీ అన్నీ ఉంచి, చెరక్కుండా చెప్పండి.